చూరులో దొరికిన బ్రిడ్జి

పాంగి సుక్రు మొహం మీద తీగ తెగిన సాయంత్రం అరకులో చలి బాగా ముదిరి ఉంది. రిసార్టు వెనక పచ్చికలో మంట వేశారు. కింద నుంచి బస్సులో వచ్చిన ఏదో కంపెనీ ఉద్యోగులు మంట చుట్టూ కుర్చీలు లాక్కుని తాగుతున్నారు. థింసా ఆడే ఆడవాళ్ళు ఒక విడత ఆడి పక్కకి తప్పుకున్నాక సుక్రు వాళ్ళ బ్యాండు వంతు వచ్చింది. డ్రమ్స్, కీబోర్డు, ఎలక్ట్రిక్ గిటారు. గిటారు సుక్రుది. రెండో పాట మధ్యలో సన్న తీగని వేలితో వంచి పైకి సాగదీశాడు. అది అడుగున, తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర పుటుక్కున తెగి, కొరడాలా లేచి అతని ఎడమ కనుబొమని చీల్చింది.

కంట్లోకి నెత్తురు దిగింది. సుక్రు వాయించడం ఆపి, మెడకి చుట్టుకున్న నల్లగుడ్డ తీసి అదిమి పట్టుకున్నాడు. కుర్చీల్లోంచి ఒకడు లేచి వచ్చి ఎందుకు ఆపావని అడిగాడు. సుక్రు గుడ్డ తీసి చూపించాడు. ఆ మనిషి చూశాడు కూడా. చూసి, ఆ నెత్తురు మీదే చెంప పగలగొట్టాడు. రెండో దెబ్బకి సుక్రు గిటారుతో సహా గడ్డిలో పడ్డాడు. ఆ తర్వాత కాలితో తన్నాడు. అది గిటారుకి తగిలి, స్పీకర్లలోంచి గేదె అరిచినట్టు ఒక మోత వచ్చింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళు నవ్వారు. మేనేజరు పరుగెత్తుకొచ్చి, కొట్లాడుకుంటున్న ఇద్దరిని విడదీసినట్టు విడదీసి, సుక్రు చేత సారీ చెప్పించాడు.

దెబ్బలు అతనికి కొత్త కాదు. పెదబయలు దాటాక జీపు దిగి కొండెక్కితే వచ్చే గుంజిగుడ అతని ఊరు. కనగానే తల్లి పోయింది. తండ్రి తాగినప్పుడల్లా, తల్లిని మింగినవాడివని పిల్లాణ్ణి కొట్టేవాడు. ఒకసారి పొయ్యిలోంచి మండుతున్న కట్టె లాగి కొట్టాడు. ఆ కేకలకి తల్లి అక్క సోములమ్మ వచ్చి, అదే కట్టె లాక్కుని మరిదిని వాకిలి దాకా బాది, పిల్లాణ్ణి చంకనేసుకుపోయింది. మళ్ళీ పంపలేదు. ఆమెకి పిల్లల్లేరు, మొగుడూ పోయాడు. ఊళ్ళో పురుళ్ళన్నీ ఆమె చేతి మీదే. అడ్డం తిరిగిన బిడ్డని కడుపు మీద చేత్తో సవరించి తిన్నగా దింపుతుందని చుట్టుపక్కల కొండల మీద పేరు. వాళ్ళు ఇళ్ళలో మాట్లాడుకునే ఒడియాలో తల్లిని ఆయా అంటారు. సోములమ్మ ఊరందరికీ ఆయా. సుక్రుకి మాత్రం పెద్దమ్మ.

గిటారు ప్రార్థన మందిరంలో నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి ప్రార్థన మానేశాడు కానీ గిటారు మానలేదు. విశాఖలో ఆర్కెస్ట్రాలో వాయించే ప్రశాంత్ అనే స్నేహితుడు తన పాత ఎలక్ట్రిక్ గిటారు ఇచ్చాడు. ముప్ఫై దాటినా సుక్రు పెళ్ళి చేసుకోలేదు. తక్కిన కాలమంతా పోడు దున్నుకుంటూ, టూరిస్టులొచ్చే చలికాలం మటుకు అరకు దిగి రిసార్టుల్లో వాయించేవాడు.

మొహానికి కుట్లు వేయించుకున్నాక ప్రశాంత్‌కి ఫోను చేసి, నువ్వు పంపిన తీగలు నాసిరకంవని తిట్టాడు.

"తీగల తప్పు కాదురా," అన్నాడు ప్రశాంత్. "గిటారుతో పాటు కంపెనీ ఇచ్చే బ్రిడ్జి అలాగే ఏడుస్తాది. మెత్త ఇనుము. తీగ ఆనే చోట అరిగి కత్తయిపోద్ది. నా దగ్గర మంచిదొకటుంది, బస్సుకి వేస్తాను. అది బిగించి, ఇది తీసి పారెయ్."

బ్రిడ్జి అంటే గిటారు పొట్ట మీద ఆరు స్క్రూలతో బిగించే ఇనుప పలక. ఆరు తీగలూ దాని మీద ఆనుకుని లోపలికి దిగుతాయి. ముందు నుంచి తీగలు దాన్ని ఇటు లాగుతుంటాయి. గిటారు వెనక తొలిచిన గూట్లో స్ప్రింగులు అటు లాగుతుంటాయి. ఆ స్ప్రింగుల కొసలు పట్టుకుని ఉండేది డేగ పంజా లాంటి ఇంకో చిన్న రేకు. బయటికి పాట వినిపిస్తున్నంత సేపూ లోపల రెండు వైపులా ప్రాణం పోయేలా గుంజుకుంటూనే ఉంటాయి. అరకు చలికి తీగలు బిగుసుకుంటే పాత బ్రిడ్జి ముందుకి ఒంగిపోయి శ్రుతి చెడిపోయేది.

కొత్తది వచ్చాక సుక్రు ఊరికి తెచ్చుకున్నాడు. కోళ్ళు లోపలికొచ్చి స్క్రూలు పొడుచుకుపోతాయని తలుపు వేసుకుని కూర్చున్నాడు. పాత స్క్రూలు ఊడదీసి, పలక తీసి కొత్తది పెట్టి చూస్తే సరిపోలేదు. కొత్తదాని బెజ్జాల మధ్య ఎడం కాస్త తక్కువ. నడిమి రెండూ కుదురుతున్నాయి, చివరలకి పోయేకొద్దీ తప్పుతున్నాయి. కొంచెమే తేడా అయినప్పుడే కష్టం. పాత బెజ్జం అంచు తెగి స్క్రూ పట్టదు. సోములమ్మ చూసి, బుట్టలు అల్లే బుద్రు ఇంటి వెనక నుంచి వెదురు తెచ్చి చీల్చి ఇచ్చింది. దాన్ని గుండ్రంగా చెక్కి, వడ్రంగి బంకలో ముంచి, ఆరు బెజ్జాల్లోకీ దిగ్గొట్టాడు. ఆరాక కోసేసి, గరుకు కాగితంతో రుద్ది, పైన నల్ల రంగు పూశాడు. వేలితో తడిమితే బెజ్జం ఎక్కడుండేదో తనకే తెలియలేదు. ఆ పూడికలని ఆనుకుని చేతి బరమాతో కొత్త బెజ్జాలు వేసి కొత్త బ్రిడ్జి బిగించాడు. మెడ పైన తీగలు ఆనే సన్న పట్టీ కూడా మార్చాడు. ఎముకతో చేస్తే మోత బాగుంటుందని ప్రశాంత్ చెప్పాడు. గేదె కాలి ఎముక ఉడకబెట్టి ఆకురాయితో అరగదీశాడు. మొదటిది విరిగిపోయింది, రెండోది కుదిరింది.

బిగించి వాయిస్తే సోములమ్మ కాసేపు విని, "ఇన్నాళ్ళూ పిల్లి పీక నొక్కుతున్నట్టుండేదిరా. ఇప్పుడు వదిలీసినట్టున్నావు," అంది.

పాతది పారెయ్‌మని ప్రశాంత్ చెప్పాడు. ఇనుము పారేయడం గుంజిగుడలో ఎవరూ ఎరగరు. అరిగిన నాగలి కర్రు, విరిగిన కొడవలి, చిల్లుపడిన మూకుడు అన్నీ చూరులో దోపి ఉంచుతారు. సంతకి కమ్మరి వచ్చినప్పుడు కాల్చి కత్తో పారో చేయిస్తారు. సుక్రు కూడా అదే చేశాడు. పాత బ్రిడ్జి, పాత స్క్రూలు, స్ప్రింగులు, పంజా రేకు, చుట్టలు చుట్టిన పాత తీగలు, పనికిరాని ఎముక ముక్క అన్నీ ఒక దగ్గర చేర్చి, కట్టడానికి వేరే ఏదీ కనపడక, అరకులో కంటికి అదుముకున్న ఆ నల్లగుడ్డలోనే మూట కట్టి చూరులో దోపాడు. నెత్తురు దానిమీద ఎండి అట్టకట్టి ఉంది.

కిల్లో మంగ్లు ఆ రోజుల్లో ఊళ్ళో లేడు. పెళ్ళాం రత్నాలునీ, నాలుగేళ్ళ కూతురు జముననీ తీసుకుని చింతపల్లి వైపు కాఫీ తోటల్లో పళ్ళు కోయడానికి పోయాడు. మంగ్లూ సుక్రూ ఒక ఈడు వాళ్ళు. కలిసి ఈత కొట్టారు, కలిసి బడి ఎగ్గొట్టారు. మంగ్లుని తల్లి కడుపులోంచి కాళ్ళు ముందుగా లాగింది సోములమ్మే. జమునని లాగిందీ ఆమే.

తోటల నుంచి వాళ్ళు తిరిగొచ్చేసరికి జమునకి జ్వరం. సోములమ్మ కషాయం పట్టింది, ఒళ్ళు తుడిచింది. సాయంత్రానికి పిల్ల కళ్ళు పైకి తేలేస్తుంటే, ఇది నా చేతిలో లేదు, బేగి పెదబయలు ఆసుపత్రికి ఎత్తుకుపొమ్మంది. తెల్లారి మోసుకుపోయారు. పిల్ల దారిలోనే పోయింది.

పాతిపెట్టి వచ్చాక మంగ్లు తిండి తినలేదు, ఏడవలేదు. పొరుగు కొండ మీద సోది చెప్పే గురువు దగ్గరికి పోయి అడిగాడు. గురువు బియ్యం గింజలు చాటలో పోసి చూసి, ఇది మామూలు జ్వరం కాదు, ఎవరో చిల్లంగి పెట్టారు, ఆ మూట మీ ఊరి చూరులోనే ఉంది అన్నాడు. చిల్లంగి అంటే చేతబడి. ఆ మాట ఒకసారి ఊళ్ళోకి వచ్చాక ఊరికే తిరిగిపోదు.

మగవాళ్ళు మొదటి ఇంటి నుంచి చూరులు వెతికారు. ప్రతి ఇంట్లో ఇనుము దొరికింది. ఇనుమంటే ఎవరికీ అనుమానం లేదు. సోములమ్మ చూరులోంచి నల్లమూట లాగి విప్పితే, గోళ్ళున్న పంజా, చుట్టుకున్న వెంట్రుకల్లాంటి తీగలు, ఎముక, అట్టకట్టిన నెత్తురు.

ఆ వేళకి సుక్రు ముంచింగిపుట్టు సంతలో ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం జీపు దిగి, ఉప్పూ ఎండుచేపలూ భుజాన వేసుకుని కొండెక్కాడు. ఊరి మొదట్లో నీళ్ళబిందెతో ఎదురైన ఆవిడ అతన్ని చూసి బిందె కింద పెట్టి ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఊరి నడుమ దేవత రాళ్ళ దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. పనసచెట్టుకి సోములమ్మని కట్టారు. మొదట ఆమె మొహం గుర్తుపట్టలేదని సుక్రు తర్వాత నాతో చెప్పాడు. చీర గుర్తుపట్టాడట.

మంత్రం తిన్నగా పలక్కుండా ముందు పళ్ళు రాలగొట్టాలి. అది అక్కడి కట్టుబాటు. ఆ దెబ్బ వేసే హక్కు చచ్చినవాళ్ళ తండ్రిది. మంగ్లు గుండ్రాయితో ఒకసారి కొట్టాడు. పై పళ్ళు విరిగాయి. రెండోసారి కొట్టినప్పుడు ఆమె తల తిప్పింది, దెబ్బ దవడ మీద పడింది. రాయి ఇంకా మంగ్లు చేతిలోనే ఉంది. చెట్టు మొదట్లో కిరసనాయిలు డబ్బా పెట్టి ఉంది. ఆమెని ఆమె ఇంట్లోనే పెట్టి అంటించాలా, ఊరి బయటికి ఈడ్చుకుపోయి గొడ్డలి వెయ్యాలా అన్నదొక్కటే తేలలేదు. దాని మీదే వాదులాడుకుంటున్నారు.

సుక్రు సంచులు పడేసి చెట్టు వైపు పరుగెత్తాడు. నలుగురైదుగురు అడ్డం పడి కొట్టారు. కనుబొమ మీద మానుతున్న గాయం మళ్ళీ విచ్చుకుంది. కింద పడ్డవాణ్ణి లేవనివ్వకుండా మోకాళ్ళతో అదిమి, ఎడమచెయ్యి చాచి బండ మీద పెట్టి, గొడ్డలి వెనక వైపుతో ఒకటి వేశారు. చిటికెన వేలూ దాని పక్క వేలూ చితికాయి. దేవత రాళ్ళ ముందు మూట విప్పి పరిచి ఉంది. అది చూసినప్పుడే అతనికి సంగతి అర్థమైంది.

అది నాది, పెద్దమ్మది కాదు, గిటారులోంచి తీసిన సామాను అని అరిచాడు. గిటారుకి ఎముకెందుకని ఒకడు అడిగాడు. నెత్తురెందుకని ఇంకొకడు. సుక్రు రెండూ చెప్పాడు. నిజమే చెప్పాడు కానీ, చెబుతుంటే తన చెవికే అది అప్పటికప్పుడు కల్పించినట్టు వినిపించింది. తలుపులేసుకుని లోపల బరబరా గీకుతుంటే మేం వినలేదా అన్నారు. ఫోను తీసి బ్యాండు ఫొటో చూపించాడు. వేలెడంత బొమ్మలో బ్రిడ్జి ఉండాల్సిన చోట అతని చెయ్యే ఉంది.

మంగ్లు రాయి అలాగే పట్టుకుని ముందుకొచ్చాడు.

"గిటారుదే అయితే గిటారుకి పెట్టు," అన్నాడు. "కూకుంటే నాను నమ్ముతాను. కూకోపోతే నువ్వు పక్కకి తప్పుకో."

ఎవరో ఇంట్లోంచి గిటారూ స్క్రూడ్రైవరూ కత్తీ తెచ్చి పడేశారు. సుక్రు దాన్ని తొడల మధ్య ఇరికించుకున్నాడు. ఒక చెయ్యే పనిచేస్తోంది. తీగలు వదులు చేసే ఓపిక లేక కత్తితో ఒక్కసారి కోశాడు. అవి పేలినట్టు తెగి నాలుగు వైపులా లేచాయి. ముందు నిలబడ్డవాళ్ళు వెనక్కి దూకారు. అతని చెంప మీద ఇంకో గీత పడింది. వెనక మూత ఊడబీకి స్ప్రింగులు లాగేశాడు. నెత్తురుకి చెయ్యి జారుతుంటే స్క్రూడ్రైవరుని మట్టిలో పొర్లించి మళ్ళీ పట్టుకున్నాడు. కొత్త బ్రిడ్జి ఊడింది. దేవత ముందు నుంచి పాత పలక తీసి ఆ ఖాళీలో పెట్టాడు.

నడిమి రెండు స్క్రూలూ దిగాయి. సుక్రు తలెత్తి మంగ్లుని చూశాడు. వాటి పక్కవి సగం దిగి ఆగాయి. చివరివి రెండూ దిగనే లేదు, నల్లటి చెక్క మీద జారిపోయాయి. అక్కడ బెజ్జమే లేదు.

ఒంగి చూస్తున్నవాళ్ళలో ఒకడు, "దీనిది కాదు. సూసినారా, దగ్గరదగ్గర ఉన్నదేదో తెచ్చి మాయ సేత్తన్నాడు," అన్నాడు. కిరసనాయిలు డబ్బా మూత తిప్పిన చప్పుడు వినిపించింది. సుక్రు ఎంత నొక్కినా స్క్రూ దిగడం లేదు. మొన్న పెట్టినప్పుడు ఎందుకు సరిపోలేదో, ఆ సరిపోనిదానికి తనేం చేశాడో, నొప్పిలో భయంలో అతనికి గుర్తే రాలేదు. బ్రిడ్జే తనతో అబద్ధమాడుతోందనిపించిందట.

అప్పుడు చెట్టుకి కట్టి ఉన్న సోములమ్మ ఏదో అంది. ముందు పళ్ళు లేని నోట ద పలకదు. గాలి, నెత్తురు, మధ్యలో ఒక మూలుగు. మళ్ళీ అంది. మళ్ళీ అదే. ఒకే మాట పదేపదే అంటోంది కాబట్టి అది మంత్రమేనని జనం రెండడుగులు వెనక్కి వేశారు. ఒకడు చెప్పుతో ఆమె నోటి మీద కొట్టాడు. ఆమె నోట్లోది ఉమ్మేసి, ఈసారి సుక్రు మొహం మీదే కళ్ళు పెట్టి, నాలుకని పై చిగురుకి ఆనించి, ఒక్కో అక్షరం నెట్టింది.

"ఎ… దు… రు."

సుక్రుకి అర్థమైంది, వెదురు. పాత పలక పక్కకి విసిరేసి, కత్తి మొనతో నల్ల రంగు గీకాడు. కింద తెల్లటి చుక్క బయటపడింది. పూడిక. దాని చుట్టూ కత్తి గుచ్చి తిప్పాడు. గట్టిగా దిగ్గొట్టింది కదా, రాలేదు. మొన విరిగింది. విరిగిన కత్తితోనే చెక్క చీలేలా పెకలించాడు. బంకతో సహా వెదురు పేడు ఒకటి ఊడి అతని ఒళ్ళో పడింది.

"నానే కొట్టాను," అన్నాడు. "బెజ్జాల్లో ఎదురు కొట్టి కప్పీసినాను. సూడండి. ఎవులైనా సూడండి."

ఎవరూ ముట్టుకోలేదు. బుట్టలల్లే బుద్రు ముసలివాడు జనాన్ని తోసుకుని వచ్చి కూర్చున్నాడు. ఆ పేడు తీసుకుని గోటితో గీరాడు, పంట కింద పెట్టి కొరికాడు, ఉమ్మేశాడు.

"ఎదురే. ఈ ఏటిదే. నా ఇంటెనక గుబురు లోదే," అన్నాడు. తర్వాత గిటారు వైపు చూపించి, "కంపెనీవోడు దీనికి మన ఎదురు కొడతాడేటి? కానీరా, తక్కినవీ తియ్యి."

సుక్రు తక్కినవి పెకలిస్తుంటే ముసలివాడు గిటారు కదలకుండా పట్టుకున్నాడు. చెక్క పెచ్చులు లేచి, నల్లటి పొట్ట మీద గొడ్డలి వేట్లు పడ్డట్టయింది. పాత పలక మళ్ళీ పెట్టారు. ఒక్కో స్క్రూ దిగుతుంటే చుట్టూ మాటలు తగ్గాయి. చివరిది దిగి పలక చెక్కకి అతుక్కుంది. కిరసనాయిలు డబ్బా పట్టుకున్నవాడు మూత బిగించి, మోసుకొచ్చిన ఇంటి వైపే మోసుకుపోయాడు. ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. కట్లు విప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు. బుద్రు కత్తితో తాళ్ళు కోస్తుంటే సుక్రు ఒంటి చేత్తో ఆమెని పట్టుకున్నాడు. మంగ్లు రాయి కింద పెట్టి, చేతులు తుడుచుకోకుండా, పిల్లని పాతిన వైపు నడిచిపోయాడు.

దుప్పటిలో వేసి కిందికి మోశారు. ముసలివాడూ, అతని కొడుకూ, సుక్రూ. పెదబయలులో కట్టు కట్టి విశాఖ పంపిస్తామన్నారు. దవడ రెండు చోట్ల విరిగింది. పోలీసులు వచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్నారు. ఆమె మాట వాళ్ళకి తెలియడం లేదు కనుక సుక్రు విని మళ్ళీ చెప్పాలి. సోములమ్మ తన చేతులు కట్టింది ఎవరో, చెప్పుతో కొట్టింది ఎవరో, కిరసనాయిలు తెచ్చింది ఎవరో ఒక్కొక్కరి పేరూ చెప్పింది. సుక్రు తిరిగి చెబుతూ పోయాడు. చివర రాయితో కొట్టినవాడి పేరు చెప్పింది. సుక్రు ఆగిపోయాడు. ఆమె బాధకి మూలుగుతోందనుకుని పోలీసాయన నీళ్ళు కావాలా అని అడిగాడు.

సోములమ్మ సుక్రు కట్టు కట్టిన చెయ్యి మీద కొట్టింది. ఇన్నేళ్ళలో అతన్ని ఆమె కొట్టింది అదొక్కసారే.

"సెప్పు," అంది. "సెప్పకపోతే రేపు ఇంకో ముసిల్దాని పళ్ళు."

సుక్రు చెప్పాడు.

ఆమె కోలుకుంది. అన్నం మెత్తగా పిసికి తింటుంది. గుంజిగుడకి మళ్ళీ వెళ్ళలేదు, పురుడు పోయడం మానేసింది. అరకులో సుక్రు అద్దెకి తీసుకున్న గదిలో ఉంటోంది. ఎవరైనా నిండు చూలాలు వీధిలో పోతుంటే నడక చూసి, ఎన్నాళ్ళుందో లోలోపల లెక్క కట్టుకుని, తలుపు వేసుకుంటుంది. చిటికెన వేలు మడతపడక సుక్రు ఇప్పుడు మూడు వేళ్ళతో, వేరే గిటారు మీద వాయిస్తున్నాడు. ఈ సంగతులన్నీ అతను చెప్పినవే. ఆమెని నేను ఏమీ అడగలేదు.

ఒక్కటి మాత్రం అతను చాలా ఆలస్యంగా చెప్పాడు. వాంగ్మూలం అయిన మర్నాడు పోలీసులు మనుషుల్ని చూపించమని అతన్ని ఊరికి తీసుకుపోయారు. వాళ్ళ బండి ఆ దారి ఎక్కదని సంత జీపు ఒకటి మాట్లాడారు. పేర్లున్నవాళ్ళంతా అడవిలోకి పారిపోయారు. మంగ్లు ఒక్కడే పిల్లని పాతిన చోట కూర్చుని ఉన్నాడు. లేవమంటే లేచాడు. జీపులో అతన్నీ సుక్రునీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఘాట్ దిగుతున్నంత సేపూ మోకాళ్ళు మోకాళ్ళు తగులుతూనే ఉన్నాయి. చాలా దూరం వచ్చాక మంగ్లు అడిగాడు.

"ఆయా బతుకుతాదా?"

బతుకుతుందని సుక్రు చెప్పాడు. మంగ్లు తలూపాడు. బేడీలున్న చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"అది గిటారుదే. నాను సూసినాను, కూకుంది," అన్నాడు. "అయితే నా గుంట ఏల సచ్చిపోనాది?"

సుక్రు "జొరం," అన్నాడు.

"జొరం అందరికీ వత్తాది," అన్నాడు మంగ్లు.

పెదబయలులో జీపు ఆగాక ముందు సుక్రునే దింపారు. మంగ్లుకి దారి ఇవ్వడానికి అతను కాళ్ళు ముడుచుకోబోయి, దిగాల్సింది తనేనని గుర్తొచ్చి దిగాడు.